ఉదయగిరి చీకట్లో చుక్కల గుంపులు: ఐదు అమావాస్యల ప్రాజెక్టు డైరీ

పుష్య అమావాస్య: చోటు, సామాను, స్టాండు

ఈ సీజన్‌కి పెట్టుకున్న పని నాలుగు నక్షత్ర గుచ్ఛాల (చుక్కల గుంపుల) ఫోటోలు: పుష్యమి నక్షత్రం నడుమ ఉండే ఎం44, ఒమెగా సెంటారి, మూల దగ్గరి ఎం7, వీలుంటే ఎం13 (ఎం అంటే మెస్సియర్ జాబితాలో వరస అంకె). నెబ్యులా (ఆకాశంలోని వాయు, ధూళి మేఘం) ఫోటోకి గంటలు గంటలు వెలుతురు పోగెయ్యాలి. గుచ్ఛాలకి అది రెండో సంగతి. చుక్క గుండ్రంగా రావాలి, దాని రంగు దానికి మిగలాలి. ఈ రెండూ తప్పితే పది గంటలు తీసినా తెల్ల ఆవాలు పోసినట్టే ఉంటుంది.

ముందు సముద్రం ఒడ్డున మైపాడు వైపు చూశాం. దక్షిణం బాగా తెరుచుకుని ఉంది గానీ రొయ్యల చెరువుల లైట్లు తెల్లవార్లూ వెలుగుతాయి. దానికి తోడు ఉప్పుగాలి. అద్దం మీద ఒక్క రాత్రికే సన్నటి పొర పట్టింది. అలాంటి పొరని పొడిగుడ్డతో తుడిస్తే పూత గీసుకుపోతుంది, డిస్టిల్డ్ వాటర్‌తో కడగాల్సిందే. అందుకని నెల్లూరు నుంచి సుమారు వంద కిలోమీటర్లు లోపలికి, వెలికొండల కింద ఉదయగిరి దాటాక ఒక మెట్టచేను ఖాయం చేశాం. పడమర కొండ అడ్డం, దాంతో నష్టం లేదు. తూర్పున కాస్త వెలుగు తెట్టు ఉంది. మాకు కావాల్సిన దక్షిణం చీకటి.

సామాను: 8 అంగుళాల ఎఫ్/5 న్యూటోనియన్ (అద్దాల టెలిస్కోపు, ఫోకల్ లెంగ్త్ 1000 మి.మీ.), 80 మి.మీ. ఎఫ్/6 రిఫ్రాక్టర్ (లెన్సు టెలిస్కోపు), దానికి ఫోకల్ లెంగ్త్ తగ్గించే 0.8 రెడ్యూసర్ (384 మి.మీ. అవుతుంది). కెమెరా ఒకటే, ఐఎంఎక్స్533 సెన్సర్ ఉన్న కూలింగ్ కలర్ కెమెరా: 3008 × 3008 పిక్సెళ్లు, ఒక్కోటి 3.76 మైక్రాన్లు. న్యూటోనియన్‌తో పిక్సెల్‌కి 0.78 ఆర్క్‌సెకన్లు, ఫ్రేము 39 ఆర్క్‌నిమిషాలు (ఆర్క్‌నిమిషం డిగ్రీలో 60వ వంతు, ఆర్క్‌సెకను అందులో 60వ వంతు). రిఫ్రాక్టర్‌తో పిక్సెల్‌కి 2 ఆర్క్‌సెకన్లు, ఫ్రేము 101 ఆర్క్‌నిమిషాలు. ఇక గుచ్ఛాల వెడల్పు ఆర్క్‌నిమిషాల్లో: ఎం44 సుమారు 95, ఎం7 80, ఒమెగా సెంటారి 36. ఏది దేనితో తీయాలో ఈ అంకెలే చెప్పేస్తాయి.

మన అక్షాంశంలో ఈక్వటోరియల్ మౌంటు (భూమి తిరుగుడుకి తగ్గట్టు టెలిస్కోపుని తిప్పే స్టాండు) పెట్టే ఇబ్బంది వేరు. ఉదయగిరి 15 డిగ్రీలకి కాస్త తక్కువ. అంటే ధ్రువాక్షం దాదాపు పడుకుని ఉంటుంది. కౌంటర్‌వెయిట్ రాడ్డు కిందికి దిగేసరికి ఉత్తరం వైపు ట్రైపాడ్ కాలికి తగిలింది. ట్రైపాడ్‌ని తిప్పి, ఉత్తరానికి రెండు కాళ్ల మధ్య సందు వచ్చేలా పెగ్గు మార్చి బిగించాక దారి దొరికింది. ఎత్తు సరిచేసే బోల్టు మీద కూడా ఈ కోణంలో బరువు ఎక్కువ పడుతుంది. టెలిస్కోపూ బరువులూ ఎక్కించాక దాన్ని తిప్పితే మర వంగిపోతుంది. ఖాళీ మౌంటు మీదే ఎత్తు సరిచేసి, ఆ తర్వాతే బరువు ఎక్కించాలి. ఇంకో మాట: కొన్ని మౌంట్లు 20 డిగ్రీల కిందికి దిగనే దిగవు. కొనేముందు ఆ అంకె చూసుకోకపోతే మన జిల్లాలో ఆ మౌంటు పనికిరాదు.

ధ్రువనక్షత్రం ఎత్తు కూడా 15 డిగ్రీలే. ఒక్క వేపచెట్టు చాలు దాన్ని మూసెయ్యడానికి. కనిపించినా ఆ ఎత్తులో గాలి వక్రీభవనం దాన్ని మూడున్నర ఆర్క్‌నిమిషాలు పైకి లేపి చూపిస్తుంది. అందుకని పోలార్ స్కోపు (ధ్రువనక్షత్రాన్ని చూసి అక్షం సరిచేసే చిన్న దుర్బిణి) పక్కన పెట్టి, నీనా సాఫ్ట్‌వేర్‌లో మూడు చోట్ల ఫోటో తీసి అక్షం లెక్కగట్టే పద్ధతి వాడుతున్నాం. దానికి ధ్రువనక్షత్రం కనిపించాల్సిన పనే లేదు. వక్రీభవనం సవరణ ఆన్ చేశామా లేదా అన్నది మాత్రం చూసుకోవాలి.

మాఘ అమావాస్య: ఎం44

శివరాత్రి నాడు సామాను సర్దలేదు. భైరవకోనకి పోయే బండ్లు ఆ రోడ్ల మీద రాత్రంతా తిరుగుతాయి, హెడ్‌లైట్లు టెలిస్కోపు గొట్టంలోకే కొడతాయి. మర్నాడు అమావాస్య రాత్రి పని మొదలు.

ఎం44 మనకి దాదాపు నడినెత్తి మీద, శిరోబిందువుకి ఐదు డిగ్రీల లోపే దాటుతుంది. గాలి పొర పల్చగా ఉండే చోటు కాబట్టి చుక్క బిగువుగా వస్తుంది. కానీ టెలిస్కోపు నిట్టనిలువుగా నిలబడితే కెమెరా కొస ట్రైపాడ్ కాలికి తగులుతుంది, లెన్సు మీద మంచు కూడా తిన్నగా పడుతుంది. తొమ్మిదిన్నర దాకా తూర్పు వైపున తీసి, అక్కడ ఆపి, ఎం44 మధ్యాహ్నరేఖ దాటాక మౌంటు తిప్పి మళ్లీ మొదలుపెట్టాం. హీటర్ పట్టీ లెన్సు అంచుకి చుట్టి, దాని ముందు నల్ల యోగా మ్యాటు కోసి 25 సెం.మీ. పొడుగు గొట్టంలా తొడిగాం. తెల్లవారేసరికి బండి అద్దాలు నీళ్లు కారుతున్నా లెన్సు పొడిగానే ఉంది.

మొదటి ఫ్రేముల్లో నాలుగు మూలలా చుక్కలు మధ్యకి గురిపెట్టినట్టు సాగాయి. మా రెడ్యూసర్‌లో ఆ తీరు అంటే సెన్సర్ కావాల్సినదానికన్నా దగ్గరగా ఉందని. మూలల్లో చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నట్టు సాగితే దూరం ఎక్కువైనట్టు. రెడ్యూసర్ నుంచి సెన్సర్‌కి కావాల్సిన దూరం 55 మి.మీ. కెమెరా లోపల 17.5, రెండు రింగులు 16.5, 21. కూడితే సరిగ్గా 55. తప్పు ఎక్కడంటే యూవీ-ఐఆర్ ఫిల్టర్‌ని (కంటికి కనపడని కాంతిని ఆపే గాజుని) లెక్కలోకి తీసుకోలేదు. ఫిల్టర్ గాజు మందంలో మూడోవంతు దూరానికి కలపాలి. 2 మి.మీ. గాజుకి 0.7 మి.మీ. అర మిల్లీమీటర్ రింగు ఒకటి, 0.2 ది ఒకటి వేశాక మూలలు సర్దుకున్నాయి. మూడు మూలలు బాగుండి ఒక్కటే చెడితే అది దూరం తప్పు కాదు. సెన్సర్ వంగి ఉందని, లేదా ఫోకసర్ కెమెరా బరువుకి కుంగిందని అర్థం.

అసలు పాఠం ఎక్స్‌పోజర్‌లో ఉంది. 60 సెకన్లు తీస్తే స్క్రీన్ మీద చూడముచ్చటగానే ఉంది. పెద్ద చుక్కల నడుమ పిక్సెల్ విలువ చూస్తే 65,535, నిండిపోయింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ నిండాక మిగిలేది తెలుపే. ఎం44లో నీలి తెలుపు చుక్కల మధ్య నారింజ రంగు జెయింట్ నక్షత్రాలు కొన్ని ఉన్నాయి. ఆ గుంపు అందమంతా ఆ తేడాలో ఉంది. 60 సెకన్ల ఫ్రేములో ఆ తేడా లేదు. 10 సెకన్లకి తగ్గించినా లేదు. లెక్క వేస్తే తెలిసింది: 80 మి.మీ. లెన్సుతో ఆరో ప్రమాణపు చుక్క (ఒట్టి కంటికి అంచున అందేంత మసకది) గెయిన్ (కెమెరా సంకేతాన్ని పెంచే సెట్టింగు) 100 దగ్గర ఒక్క సెకనుకే నిండుతుంది.

కాబట్టి రెండు సెట్లు. గెయిన్ 100లో 30 సెకన్లవి 200, మసక చుక్కలకి. గెయిన్ సున్నాలో 1 సెకనువి 200, పెద్ద చుక్కల రంగుకి. గెయిన్ సున్నాలో పిక్సెల్ పట్టే ఎలక్ట్రాన్లు రెండింతలకి పైనే, అందుకే ఆ సెట్‌కి అది. డార్కులు (మూత పెట్టి తీసే చీకటి ఫ్రేములు) కూడా రెండు సెట్లకీ విడివిడిగా తియ్యాలి. గెయిన్ వేరైనా, సెకన్లు వేరైనా పాత డార్కు పనికిరాదు.

ఫోకస్ బాటినోవ్ మాస్క్‌తో (టెలిస్కోపు ముందు పెట్టే చీలికల మూతతో). ఎఫ్/4.8 దగ్గర ఫోకస్ తప్పడానికి మిగిలే జాగా 60 మైక్రాన్లు, వెంట్రుక మందం. వేడి మూడు నాలుగు డిగ్రీలు తగ్గితే గొట్టం ముడుచుకుని ఆ జాగా దాటిపోతుంది. గంటకొకసారి మాస్క్ పెట్టి చూడటం తప్పదు.

ఫాల్గుణ అమావాస్య: ఉగాది ముందు రాత్రి

ఒమెగా సెంటారి ఒంటిగంట దాటాక గానీ నడిదక్షిణానికి రాదు. ఈ రాత్రి పరీక్షలకే.

మనకి దొరికే అదృష్టం ఇది. 1677లో ఖగోళవేత్త హేలీ సెయింట్ హెలినా దీవి నుంచి ఒమెగా సెంటారిని నమోదు చేశాడు. 1830లలో జాన్ హెర్షెల్ గుడ్‌హోప్ అగ్రం దగ్గర నుంచి ఇది గోళాకార గుచ్ఛమని (చుక్కలు బంతిలా ముద్దగట్టిన గుంపని) గుర్తించాడు. యూరప్‌లో చాలా చోట్ల అసలు లేవనే లేవదు. ఉదయగిరిలో 27 డిగ్రీల పైకి లేస్తుంది. 20 డిగ్రీల పైన నాలుగున్నర గంటలు ఉంటుంది. సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో కోటి నక్షత్రాల ముద్ద. చీకట్లో కళ్లు అలవాటు పడ్డాక ఒట్టి కంటికే ఊది వదిలిన మంచు మరకలా కనిపిస్తుంది.

బండి ఎగుడుదిగుడుల్లో వచ్చాక న్యూటోనియన్ అద్దాలు కచ్చితంగా కదిలి ఉంటాయి. లేజర్‌తో ముందు చిన్న అద్దం, ఆ తర్వాత పెద్ద అద్దం సరిచేసి, చివరికి ఒక చుక్కని ఫోకస్ తప్పించి చూసి నిర్ధారించుకోవాలి. లేజర్‌కే సూటి లేకపోతే అది చెప్పేదంతా అబద్ధం. హోల్డర్‌లో లేజర్‌ని గుండ్రంగా తిప్పితే చుక్క కదలకుండా ఉండాలి.

ఆ రాత్రి సగం కరెంటుకే పోయింది. మౌంటు పెద్ద కదలికలప్పుడు ఆగిపోయి దారి తప్పుతోంది. మోటారు చెడిందనుకుని గేర్లు చూశాం. చివరికి మల్టీమీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు, మౌంటు దగ్గర 10.4. బ్యాటరీని బండిలోనే ఉంచి 10 మీటర్ల 1 చదరపు మి.మీ. తీగ లాగాం. పోను రాను 20 మీటర్లు, 0.34 ఓమ్‌లు. కెమెరా కూలింగ్, హీటరు, మౌంటు, మినీ కంప్యూటర్ కలిపి 6 ఆంపియర్లు గుంజితే 2 వోల్టులు తీగలోనే పోతాయి. బ్యాటరీని ట్రైపాడ్ పక్కకి తెచ్చి 3 మీటర్ల 2.5 చదరపు మి.మీ. తీగ వేశాక నష్టం పావు వోల్టు. ఇంటి ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ, 150 ఆంపియర్-అవర్‌ది, రాత్రంతా ఆడించినా సగం కూడా దిగలేదు.

మిగిలిన వేళ ఎక్స్‌పోజర్ నిచ్చెన: 10, 20, 30, 60, 120 సెకన్లు. 120లో నడిమి ఎర్ర జెయింట్లు నిండిపోయాయి, నట్టనడుమ ఒకే ముద్ద. 60లో అంచు మీద ఉన్నాయి. 10లో కెమెరా సొంత రీడ్ నాయిస్ (ఫ్రేము చదివే ప్రతిసారీ చేరే గరుకు) వాటా మరీ ఎక్కువైంది. కొలిచే తీరు ఇది: ఒక ఫ్రేములో ఆకాశం ఇచ్చే ఎలక్ట్రాన్లు రీడ్ నాయిస్ వర్గానికి ఐదింతలైతే, రీడ్ నాయిస్ వల్ల పెరిగే గరుకుదనం పది శాతమే. గెయిన్ 100లో రీడ్ నాయిస్ సుమారు 1.5, వర్గం 2.25, ఐదింతలు 11. మా ఆకాశంలో 30 సెకన్లకి 13 ఎలక్ట్రాన్ల దాకా వస్తున్నాయి. 30 దగ్గర ఖాయం చేశాం.

కొండ మీద ఎండుగడ్డి తగలబడిన పొగ రెండు గంటలకి దక్షిణానికి పాకింది. పైకి ఆకాశం తేటగానే ఉంది. నీనాలో ఫ్రేముకి దొరికే చుక్కల లెక్క సగానికి పడిపోవడంతో తెలిసింది. ఆ అంకె మీద కన్నుంచాలి, కంటికి కనపడని పొగ అందులో కనపడుతుంది.

చైత్ర అమావాస్య: ఒమెగా సెంటారి, రెండు రాత్రులు

నడిదక్షిణానికి వచ్చేది సుమారు పన్నెండు గంటలకి. దానికి గంటన్నర ముందు మొదలు, గంటన్నర తర్వాత ముగింపు. ఎక్కువ కక్కుర్తి పడలేదు. అంతకన్నా కిందికి దిగితే వచ్చే ఫ్రేములు స్టాక్‌ని (ఫ్రేములన్నీ కలిపిన ఫోటోని) చెడగొడతాయే తప్ప మేలు చెయ్యవు.

పగలంతా ఎండలో ఉన్న పెద్ద అద్దం చల్లారడానికి రెండు గంటలు పట్టింది, వెనక ఫ్యాను తిరుగుతుండగానే. వేడి అద్దం మీద గాలి ఆవిరిలా లేస్తుంది, చుక్కలు ఉబ్బుతాయి. సూర్యాస్తమయానికే గొట్టం బయట పెట్టి మూత తియ్యాలి.

గైడింగ్‌కి (ఒక చుక్కని చూస్తూ మౌంటు దారి సరిచేయడానికి) 50 మి.మీ. గైడ్‌స్కోపు, పీహెచ్‌డీ2 సాఫ్ట్‌వేర్. తప్పు 0.8 ఆర్క్‌సెకన్ల దగ్గర నిలబడింది. ఆ ఎత్తులో గాలి కదలికే అంతకంటే ఎక్కువ కాబట్టి సెట్టింగులు పీకలేదు. గైడ్‌స్కోపు బిగింపు రాత్రంతా కొద్దికొద్దిగా జారుతుంది. 30 సెకన్లలో ఏమీ తెలియదు గానీ మూడు గంటల స్టాక్‌లో అన్ని హాట్ పిక్సెళ్లూ (వెలుతురు లేకున్నా వెలిగేవి) ఒకే దిక్కుకి గీతలు గీస్తాయి. దానికి మందు డిథరింగ్, ఫ్రేముని కావాలని అటూ ఇటూ జరపడం. చిన్న ఎక్స్‌పోజర్లకి ప్రతి ఫ్రేముకీ జరిపితే కాలం అందులోనే పోతుంది. పది ఫ్రేములకొకసారి, 12 పిక్సెళ్ల దాకా.

రెండు రాత్రులకి 640 ఫ్రేములు, 11.5 జీబీ. తెల్లారగట్ల ఫ్లాట్‌లు (దుమ్ము మరకలు, అంచుల మసక సరిచేయడానికి తీసే ఫ్రేములు): గొట్టం మూతికి తెల్ల పంచె రెండు మడతలు వేసి, ముడత లేకుండా బిగించి, తూర్పు తెల్లబడ్డాక నడినెత్తికి తిప్పి 30. సగటు విలువ 28,000 దగ్గర ఉంచాం. కెమెరా ఒక్క డిగ్రీ కూడా తిప్పకముందే ఇవి అయిపోవాలి.

వైశాఖ అమావాస్య: ఎం7, ఎం13

అర్ధరాత్రి కూడా 30 డిగ్రీల వేడి. కెమెరా చుట్టూ ఉన్న గాలి కంటే 35 డిగ్రీలు కిందికి దించగలదు అని కాగితం మీద ఉన్నా, నూటికి నూరు పాళ్లు లాగిస్తే బ్యాటరీ తినేస్తుంది, వేడి నిలకడగా ఉండదు. సీజన్ మొదటి నుంచీ సున్నా డిగ్రీలే పెట్టుకున్నది ఈ రాత్రి కోసమే. డార్కులు అన్ని నెలలకీ అవే పనికొస్తాయి.

ఎం7 రెండున్నరకి 40 డిగ్రీల ఎత్తులో దక్షిణం దాటుతుంది. రిఫ్రాక్టర్‌తో, ఎం44 పద్ధతే: 30 సెకన్లవి ఒక సెట్, 1 సెకనువి ఒక సెట్. వెనక పాలపుంత నడిమి భాగం కాబట్టి ఈ గుంపు తన నేపథ్యంలోనే మునిగిపోతుంది. ఎం44కి ఎదురవని కష్టం ఇది. ప్రాసెసింగ్‌లో ఎంత సాగదీస్తే (మసకని వెలిగిస్తే) అంత నష్టం, వేల మసక చుక్కలు లేచి గుంపుని మింగేస్తాయి. ఇక్కడ 30 సెకన్ల సెట్‌ని సగమే కలిపి, 1 సెకను సెట్‌కి పెత్తనం ఇచ్చాం.

ఫ్రేములో పడమటి అంచుకి, గుంపు నడిబొడ్డు నుంచి 37 ఆర్క్‌నిమిషాల దూరంలో ఒక చిన్న మసక ఉండ కనిపిస్తుంది. దుమ్ము మరక అనుకుని చెరిపెయ్యకండి. అది ఎన్‌జీసీ 6453, గోళాకార గుచ్ఛం. ఎం7 కంటే ముప్పై రెట్లకు పైగా దూరం. ఒకే ఫోటోలో రెండు జాతుల గుచ్ఛాలు. ఫ్రేముని కాస్త పడమరకి జరిపి, అది అంచులో నలగకుండా చూశాం.

ఎం13 దాదాపు ఇబ్బంది లేకుండా వచ్చింది. ఉత్తరాన 68 డిగ్రీల ఎత్తు, న్యూటోనియన్, 30 సెకన్లవి 180. చుక్క వెడల్పు 2.6 ఆర్క్‌సెకన్లు. ఒమెగా సెంటారికి అదే 3.6.

స్టాక్, రంగు

640లో చుక్క ఉబ్బినవి, సాగినవి, పొగలో పడినవి తీసేస్తే 530 మిగిలాయి. 4 గంటల 25 నిమిషాలు. సిరిల్ సాఫ్ట్‌వేర్‌లో డార్కులు, ఫ్లాట్‌లు వేసి, విన్సరైజ్డ్ సిగ్మా (మిగతా ఫ్రేములతో పొసగని పిక్సెళ్లని తోసేసే పద్ధతి) 3, 3తో స్టాక్.

స్టాక్‌ని 300 శాతానికి పెంచి చూస్తే ప్రతి చుక్కకీ ఉత్తరం అంచున నీలం, దక్షిణం అంచున ఎరుపు. మొదట కొలిమేషన్ (అద్దాల అమరిక) మీదే అనుమానం పోతుంది. కానీ ఫ్రేమంతా ఒకే దిక్కుకి ఉంది, మధ్యలోనూ ఉంది. ఇది గాలి పని. 27 డిగ్రీల ఎత్తులో గాలి పొర పట్టకంలా పనిచేసి నీలాన్నీ ఎరుపునీ రెండు ఆర్క్‌సెకన్లకు పైగా విడదీస్తుంది. నీలం నడినెత్తి వైపు, ఎరుపు నేల వైపు. మా పిక్సెళ్లలో మూడు దాకా. మూడు రంగుల్నీ విడగొట్టి, ఆకుపచ్చకి మిగతా రెండింటినీ చుక్కల ఆధారంగా అమర్చి మళ్లీ కలిపితే అంచులు చాలా మటుకు పోయాయి. నడిదక్షిణానికి అటూ ఇటూ గంటన్నరే తీయడం ఇక్కడ కలిసొచ్చింది. అంతకంటే పొడుగు తీసి ఉంటే ఆ రంగు అంచు దిక్కు మారుతూ పోయేది, ఒక్క అమరికతో తీరేది కాదు.

తర్వాతి గుంట బ్యాక్‌గ్రౌండ్ తీసివేత. 39 నిమిషాల ఫ్రేములో 36 నిమిషాల గుచ్ఛం అంటే ఖాళీ ఆకాశం మూలల్లో తప్ప లేదు. సాఫ్ట్‌వేర్‌ని దాని ఇష్టానికి వదిలితే గుచ్ఛం అంచుల్లోని మసక చుక్కల పరదాని కాంతి కాలుష్యం అనుకుని కోసేస్తుంది, ఒమెగా సెంటారి కాస్తా గుండిలా తయారవుతుంది. నమూనా గళ్లు చేత్తో నాలుగు మూలల్లో మాత్రమే పెట్టి, మొదటి డిగ్రీ వాలు ఒక్కటే తీసేశాం.

ఫోటోమెట్రిక్ కలర్ కాలిబ్రేషన్ (చుక్కల కొలిచిన రంగులతో పోల్చి ఫోటో రంగు సరిచేయడం) అయ్యాక సాగదీయడానికి ఆర్క్‌సైన్ హైపర్బోలిక్ అనే లెక్క. మామూలు కర్వ్‌లు ప్రకాశంతో పాటు రంగుని తెల్లబరుస్తాయి, ఇది మూడు రంగుల నిష్పత్తిని కాపాడుతుంది. షార్పెనింగ్, నాయిస్ తగ్గింపు గుచ్ఛం నడుమ వెయ్యలేదు. వేసి చూశాం, చుక్కలు ఒకదానికొకటి అతుక్కుని వానపాముల్లా అయ్యాయి. నడిబొడ్డులో ఎర్ర జెయింట్లు పసుపు నారింజ గింజల్లా, వాటి సందుల్లో నీలి తెలుపు పొడి. అక్కడ ఆపాం.

వచ్చే సీజన్‌కి మిగిలింది పిల్లలకోడి, అంటే కృత్తికల గుంపు. వైశాఖ అమావాస్యకి కృత్తిక కార్తె నడుస్తోంది, అంటే సూర్యుడు ఆ గుంపు దగ్గరే ఉన్నాడు. రాత్రంతా కనిపించేది కార్తీకంలో, కానీ మన జిల్లాకి అవి ఈశాన్య రుతుపవనాల వానలు. పుష్యంలో మబ్బు విడిచాక పొద్దుగూకగానే నడినెత్తి దగ్గర దొరుకుతుంది. దాని వెడల్పు 110 నిమిషాలు, మా ఫ్రేము 101. రెండు ఫ్రేములు పక్కపక్కన, నాలుగోవంతు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా తీయాలి. చుట్టూ ఉన్న నీలి ధూళికి 120 సెకన్లు, ఆ పెద్ద చుక్కలకి సెకనులో పదో వంతు సెట్ ఒకటి.